కంపెనీ వద్దన్నోడు, కంపెనీ కావాలన్నోడు

మా ఇంటి ముందు కారు ఆగిందంటే నాకు ముందు అనుమానం పుడుతుంది, తర్వాతే ఎవరొచ్చారో చూడాలనిపిస్తుంది. ఓట్లప్పుడు వస్తారు, భూమి కొలతలప్పుడు వస్తారు. ఊరికే పలకరించి పోదామని కారు వేసుకుని మా వాడకు వచ్చిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పోయిన ఎండాకాలం అట్లాగే ఒక తెల్ల కారు వచ్చి మా గోడ నీడన ఆగింది. దిగింది ఒక చిన్న వయసు మేడం. కట్టింది పోచంపల్లి చీర, అచ్చు వేసింది కాదు, మగ్గం మీద నేసినదే. నేను మంచం వాల్చేలోపే అరుగు మీద కూర్చుంది. "అమ్మా, కొంచెం మంచినీళ్ళిస్తారా" అని అడిగి, ఇచ్చిన చెంబు ఎత్తి గడగడా తాగింది. మర్రిగూడ మండలంలో బయటి మనిషి తన చేతిలో సీసా పక్కన పెట్టి మా చెంబు నీళ్ళు తాగిందంటే, ఆమెకు మాతో పెద్ద పనే పడ్డదని లెక్క.

ఆమె హైవే మీది మందుల కంపెనీ మనిషి. కంపెనీ ఊళ్ళకు చేసే సాయాలన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయట. "నవీన్ గారు మీ మాట వింటారట కదమ్మా. ఆయనను మళ్ళీ మీ యువజన సంఘంలోకి తీసుకురావాలి. త్వరలో మా విదేశాల వాళ్ళు వస్తున్నారు. ఆ రోజు ఆయన స్టేజీ మీద ఉంటే చాలా బాగుంటుంది" అంది. ఎందుకు బాగుంటుందని అడిగాను. కంపెనీ విధానం మారిందట. నవీన్ లాంటి వాళ్ళను ఎవరూ దూరం పెట్టకూడదట. కంపెనీ సాయం తీసుకునే ప్రతి సంఘం అట్లాగే ఉండాలట.

"మరి మునుపు పొమ్మన్నది మీ కంపెనీయే గద బిడ్డా?" అన్నాను.

"అప్పుడు వేరే సార్ ఉండేవారమ్మా."

"సారు వేరే. కంపెనీ గదే గద?"

ఆమె నవ్వింది. చక్కటి నవ్వే. చక్కగా నవ్వేవాళ్ళ దగ్గర నేను ఇంకాస్త దూరం జరుగుతాను.

నవీన్ ఎవరో చెప్పాలి. మా వెనకింటి పిల్లవాడు, నన్ను పెద్దమ్మా అంటాడు. నాకు అక్షరాలు నేర్పింది అతనే. తెలంగాణ వచ్చిన కొత్తలో మా వాడ యువజన సంఘం పిల్లలు, రోడ్ల మీద కూర్చుని లాఠీలు తిన్న పిల్లలే, వాళ్ళ రేకుల గదిలో చదువురాని పెద్దవాళ్ళకు పాఠాలు పెట్టారు. నాకప్పటికి మనుమలున్నారు. పలక పట్టుకుని పోతుంటే నా కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవీన్ అప్పటికి డిగ్రీ అయిపోయి సంఘానికి కార్యదర్శిగా ఉండేవాడు. "పెద్దమ్మా, అ ఆలు తర్వాత చూద్దాం. నీకు ఏ బస్సు ఎక్కాల్నో తెల్వాలె ముందు" అని బస్సు బోర్డులతో మొదలుపెట్టాడు. దేవరకొండ, మాల్, చౌటుప్పల్ అని చదివాక కానీ అ, ఆ ఎట్లా ఉంటాయో నాకు చూపించలేదు. నా మొద్దు చేతిని పట్టుకుని దిద్దించేవాడు. ఆ చేతిని అంతకు ముందు పట్టుకున్నవాళ్ళు పని చేయించడానికే పట్టుకున్నారు.

సంఘం అధ్యక్షుడు నా చిన్నకొడుకు సైదులు. నెత్తి సగం తెల్లబడ్డా యువజన సంఘానికి అతనే అధ్యక్షుడు. ఎవరైనా ఎగతాళి చేస్తే "మా ఊరి నీళ్ళకు వెంట్రుకలు తొందరగ తెల్లబడ్తయి" అంటాడు. ఈ సంఘానికే కంపెనీ నీళ్ళ ప్లాంటు ఇచ్చింది. మా మండలంలో నీళ్ళ ప్లాంటు అంటే ఏమిటో బయటివాళ్ళకు ఎంత చెప్పినా తక్కువే. మా బోరు నీళ్ళు చూడడానికి అద్దంలా ఉండేవి. ఆ ఫ్లోరైడు నీళ్ళు తాగే మా బాపు మెడ బిగుసుకుపోయింది. వెనక నుంచి పిలిస్తే బండి తిప్పుకున్నట్టు మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. మా అమ్మ చివరి రోజుల్లో కూర్చున్న చోటి నుంచి లేవలేక నేల మీద జరుగుతూ వండేది. పళ్ళ మీద చారలు లేని పిల్ల మా వాడలో ఉంటే చుట్టాలింట్లో పెరిగిందని అర్థం. తేటగా ఉన్నదాన్ని అనుమానించడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. తర్వాత సర్కారు నల్లాలు వచ్చినా, నోట్లో పోసుకునే నీళ్ళ కోసం మాత్రం మావాళ్ళు ప్లాంటు ముందే డబ్బాలు పెడతారు.

ప్లాంటు నడపడంలో సంఘం ఒక పద్ధతి పెట్టుకుంది. జీతానికి మనిషిని పెట్టలేదు. సభ్యులు వంతులు వేసుకున్నారు. వంతు ఉన్నవాడు తెల్లవారగానే తాళం తీసి, మోటరు వేసి, మొదటి డబ్బా తానే పట్టి, అందరి ముందు ఒక గ్లాసు తాగాలి. అతను తాగితేనే జనం తమ డబ్బాలు పెడతారు. ఎవరు పెట్టారో తెలియదు కానీ అది మా ప్లాంటు ఆచారమైపోయింది. ఎవరు సంఘం మనిషి అంటే, ఎవరు ముందు తాగితే ఊరు నమ్మి నీళ్ళు పట్టుకుంటుందో వాడే. పేరు రాసుకోవడం, రసీదు ఇవ్వడం ఇవన్నీ దాని తర్వాతే.

నవీన్ వంతు చాలా రోజులు నడిచింది. తర్వాత అతనికి సంబంధాలు చూడడం మొదలైంది. ఒక పిల్లను చూసి వాళ్ళమ్మ మాట ఇచ్చే దాకా వచ్చింది. అప్పుడతను మా ఇంట్లో, నా ముందు, వాళ్ళమ్మ ముందు, సైదులు ముందు కూర్చుని చెప్పేశాడు. "నాకు ఆడపిల్లల మీద మనసు పోదమ్మా. మొగోళ్ళ మీదనే పోతది. సిన్నప్పటి సంది గంతే. గా పిల్లను తెచ్చి ఆమె బతుకు ఖరాబు చెయ్యను." వాళ్ళమ్మ ఏడ్చింది. సైదులు నేల చూశాడు. నేను మాత్రం చాయ్ పెట్టడానికి లేచాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు నేను పొయ్యి దగ్గరికి పోతాను. వాళ్ళమ్మ పిల్ల తరఫు వాళ్ళకు వద్దని చెప్పాలి కదా, ఏదో కారణం చెప్పాలి కదా, అట్లా మాట ఊళ్ళో పడింది. ఊరు కొన్ని రోజులు చెవులు కొరుక్కుంది. ప్లాంటు దగ్గర ఇద్దరు ముగ్గురు వెకిలిగా నవ్వారు. కానీ అతని వంతు నాడు కూడా డబ్బాల వరుస అంతే పొడుగు ఉండేది. ఇది నేను కళ్ళారా చూసి చెబుతున్నాను.

మాట కంపెనీ దాకా పోయాకే కథ మారింది. అప్పటి సారు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాయన, ప్లాంటు చూసే వంకతో వచ్చి సైదులును పక్కకు పిలిచి మాట్లాడాడు. మీ సంఘం మంచి పేరున్న సంఘం, మా కంపెనీ పేరు మీ గోడ మీద ఉంది, రేపు ఎవరైనా ఏదైనా అంటే పై వాళ్ళకు మేం జవాబు చెప్పుకోవాలి, కొంచెం చూసుకోండి. అంతే అన్నాడట. తీసెయ్యమన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. అట్లాంటి మాటలు వాళ్ళ నోళ్ళ నుంచి రావు. మన నోటి నుంచి రప్పిస్తారు. సంఘం వాళ్ళు మీటింగు కూడా పెట్టలేదు. మర్నాడు నవీన్ తన వంతుకు పోయేసరికి సైదులు తాళంచెవి పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు. "నువ్వు జర కొన్ని రోజులు ఆగు తమ్మీ" అన్నాడు. నవీన్ వెనక్కు తిరిగాడు. ఆ వారమే బ్యాగు సర్దుకుని చౌటుప్పల్ పోయాడు.

ఇదీ అంతకు ముందు జరిగింది. మేడం కారు పోయాక నేను చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. నాకు మా చిన్నాయిన పెంటయ్య గుర్తుకొచ్చాడు. ఏండ్ల తరబడి తలుచుకోని మనిషి, ఆ పూట వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అయింది.

నేను పావడా కట్టే వయసులో మా ఇల్లంటే ఒకటే గది, ముందు పందిరి. పొద్దున లేస్తే పిడకల పొగ, ఆ పొగలో జొన్న గటక ఉడికే వాసన. బాపు లేవగానే దొర గడి వైపు చూసేవాడు, పిలుపు వస్తుందేమోనని. పిలుపు వస్తే గటక తినకుండానే పోవాలి. మా అవ్వ, బాపు వాళ్ళమ్మ, అందుకని నూకలు ముందు రోజే నానబోసేది, తొందరగా ఉడకాలని. బాపు తమ్ముడు చిన్నాయిన మాతోనే ఉండేవాడు. ఎత్తు మనిషి, మాట తక్కువ. చుట్ట వెలిగించి మూడు దమ్ములు లాగి ఆర్పి చెవి మీద పెట్టుకునేవాడు. ఆ చుట్ట వాసన, ఖాసీం ఒంటి మీది కొత్త దూది వాసన, రెండూ కలిసి ఒకే వాసనగా నాకు గుర్తు.

ఖాసీం దూదేకుల మనిషి. ఊరూరూ తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకేవాడు. మా పందిరి కింద విల్లు పెట్టుకుని మీటుతుంటే ఆ మోత మా ఎముకల్లోకి దిగేది. మేం పిల్లలం ఎగిరే దూది పట్టుకుని మీసాలు పెట్టుకునేవాళ్ళం. ఒక ఏడు పీర్ల పండుగకు చిన్నాయిన, అతను సోపతి కట్టుకున్నారు. మా దిక్కు అప్పట్లో అది ఒక ఆచారం. ఇద్దరు మగవాళ్ళు పదిమందిలో ఒకరి రుమాలు ఒకరు చుట్టుకుని, ఒకే పళ్ళెంలో తిని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటే సోపతి కుదిరినట్టు. ఆ తర్వాత చచ్చేదాకా పేరు పెట్టి పిలుచుకోకూడదు, సోపతీ అనాలి. ఒకరి తల్లి ఇంకొకరికి తల్లే. సోపతి కట్టుకున్నవాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళందరూ పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు. వీళ్ళిద్దరూ చేసుకోలేదు. ఖాసీం ఊరూరూ తిరగడం తగ్గించి మా పందిరి పక్కనే గుడిసె వేసుకున్నాడు. చిన్నాయిన తిండి మా ఇంట్లో, పడక ఆ గుడిసెలో.

అవ్వ ఒక్కసారి మాత్రం అడగడం విన్నాను. గటక కలుపుతూ, తల ఎత్తకుండా, "లగ్గం చేసుకోవా బిడ్డా?" అంది.

"నాకు గిట్లనే మంచిగున్నది అమ్మా."

"మంచిగుంటె తిను. సల్లారుతది."

అంతే. మళ్ళీ ఆ ముచ్చట మా ఇంట్లో రాలేదు. వాడ కూడా ఏమీ అడగలేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు, చూశావా పాత రోజులు ఎంత మంచివో అంటారు. నేను ఒప్పుకోను. పాత రోజులు మంచివి అంటే నా నాలుకకు వాతలు పడాలి. వాడ అడగకపోవడానికి మంచితనం కొంత, పట్టనితనం కొంత. పొద్దంతా దొర పొలంలో వంగిన మనిషి ఎక్కడ పండుకుంటే ఎవడికి కావాలి? దొరకూ తెలుసు. తెలిసే ఊకున్నాడు. దసరాకు వాడకంతా బట్టలు పెట్టేవాడు, వీళ్ళిద్దరికీ పెట్టేవాడు. అవసరం పడలేదు కనుక ఊకున్నాడు.

అవసరం ఒక కోతల కాలంలో పడింది. కూలి గింజలు తక్కువ కొలిచారని చిన్నాయిన అడిగాడు. అందరి తరఫున అడిగాడు. దొర మెట్ల మీద కూర్చుని, అందరూ వినేటట్టు, "ఎందుకురా పెంటిగా నీకు గింజలు? పిల్లలా జెల్లలా? నీ దూదేకుల పెండ్లానికి చీర కొంటవా?" అన్నాడు. దొర నవ్వాడు కనుక చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గింజలు తక్కువ పడినవాళ్ళు కూడా నవ్వారు. నేను అవ్వ వెనక నిలబడి ఉన్నాను. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆ నవ్వుతో గింజల మాట మునిగిపోయింది. ఆ నవ్వు కోసమే దొర అన్నేండ్లు ఆ సంగతిని పక్కన దాచి పెట్టుకున్నాడని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ ఏడాదే ఇద్దరూ పాలమూరు మేస్త్రీ వెంట కాలువ పనికి పోయారు. ఇద్దరికీ కలిపి ఒకటే రేకు పెట్టె. పండుగకు వచ్చేవారు, పోయేవారు. చివరికి ఖాసీం ఒక్కడే వచ్చాడు, ఆ పెట్టె మోసుకుంటూ. చిన్నాయిన జ్వరమొచ్చి అక్కడే పోయాడని చెప్పాడు. బాపు మెడ తిప్పలేక మనిషంతా తిరిగి, అతని చెయ్యి పట్టుకుని పళ్ళెం ముందు కూర్చోబెట్టాడు. ఖాసీం బతికినన్నాళ్ళూ ఆ పళ్ళెం మా ఇంట్లోనే ఉండింది.

ఇస్తున్నవాడు మనల్ని చూసీ చూడనట్టు ఉన్నా, చూసి నెత్తిన పెట్టుకున్నా, రెండూ అతని చేతిలోనివే. నేను మేడంను నమ్మకపోవడానికి కారణం ఇదే. ఆమె చెడ్డ మనిషి అని కాదు. ఆమె మంచితనానికి జీతం ఇచ్చేవాడు ఎక్కడో ఉన్నాడు.

అయినా చౌటుప్పల్ పోయాను. బోర్డు చదువుకుని బస్సెక్కాను. నవీన్ ఒక ఫోన్ల రిపేరు దుకాణంలో పని చేస్తున్నాడు, దుకాణం పైనే కిరాయి గది. అతనితో పాటు ఉండే అశోక్ అని ఒక అబ్బాయి తలుపు తీశాడు. ఏదో ఫ్యాక్టరీ బస్సులో డ్యూటీకి పోతాడు, యూనిఫారం మీద ఉన్నాడు. "గీమేనా పెద్దమ్మ? పాఠం తప్పు చెప్తె నిన్నే పలకతోటి కొట్టిందన్నవ్?" అని నవీన్‌ను అడిగాడు. నేను నిజంగా ఒకసారి కొట్టాను. నవ్వొచ్చింది. కానీ చాయ్ తాగేదాకా ఆ గదిని నేను పోలీసులా చూస్తూనే ఉన్నాను. మంచిగా ఉన్నారా, ఇంటాయన ఏమీ అనడం లేదా, కింద దుకాణం వాళ్ళకు తెలుసా. అశోక్ చెప్పాడు, ఇంటాయనకు ఇద్దరం అన్నదమ్ముల పిల్లలం అని చెప్పామని. మా చిన్నాయిన కాలంలో చెప్పుకోవడానికి సోపతి అనే మాటైనా ఉండేది. వీళ్ళకు లేని చుట్టరికం కల్పించుకోవలసి వచ్చింది.

నేను మేడం సంగతి చెప్పాను. నవీన్ అంతా విని, స్క్రూడ్రైవరు వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగాడు.

"కంపెనీ పొమ్మంటె పోయిన. ఇప్పుడు కంపెనీ రమ్మంటె రావాల్నా? మరి నేను సంఘం మనిషినా పెద్దమ్మా, కంపెనీ మనిషినా?"

"గది నేనూ అడిగిన. నవ్వింది."

"ఫొటో దిగితె నాకేం పోదు. కని రేపు గీ మేడం పోయి ఇంకో సారు వస్తడు. గాయినకు నేను నచ్చకుంటె? మళ్ళ సైదులన్న తాళంచెవి పట్టుకోని నిలబడ్తడు."

"మరేం చేద్దామంటవ్?"

"వాళ్ళ ఫంక్షన్ అయిపోనియ్యి. నేను రాలేదని వాళ్ళకు కోపం రానియ్యి. గప్పుడు మీటింగు పెట్టి చెయ్యెత్తమను. నన్ను తీస్కుంటె ఫాయిదా ఏం లేదని తెలిసినంక లేస్తయి చూడు, గవే నాకు కావాలె."

"లేవకుంటె?"

"లేవకుంటె లేవలేదని తెలుస్తది. గిప్పుడు గది గూడ తెలుస్తలేదు గద."

నేను అనుమానపు మనిషినని మా వాళ్ళంతా అంటారు. ఈ పిల్లవాడు నన్ను మించినవాడు. బస్సులో తిరిగి వస్తూ నాకు సంతోషమూ అయింది, భయమూ వేసింది. చేతులు లేవకపోతే అతనికి మా ఊరు లేనట్టే. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే మాట్లాడుతున్నంతసేపూ స్క్రూడ్రైవరు ఆగలేదు.

సైదులు ఒప్పుకోలేదు. "అమ్మా, నీకు సమజ్ కాదు. ఫిల్టర్లు ఖరాబైనయి. కొత్త మిషనే ఇస్తమంటున్నరు. వాడు ఒక్క ఫొటో దిగితె అయిపాయె."

"అప్పుడేమో ఒక్క మాటనే గద అన్నవ్. గిప్పుడు ఒక్క ఫొటో. నీకు అన్ని ఒక్కటే ఉంటయి రా."

"మరి వాణ్ణి వాపస్ తేవాల్నా వద్దా? నువ్వే గద ఏడ్సినవ్ అప్పుడు?"

అది నిజమే. నేను కోరుకున్నదే కంపెనీ కూడా కోరుకుంటున్నది. అట్లాంటప్పుడు తీసుకుంటే పోయేదానికి ఇన్ని మాటలెందుకని నన్ను నేనే అడిగాను. కానీ నవీన్ రానన్నాడు, రానన్నవాణ్ణి ఎవరూ మోసుకురాలేరు. కంపెనీ వాళ్ళ పండుగ నవీన్ లేకుండానే జరిగింది. ప్లాంటు గోడకు ఏడు రంగుల కాగితం అంటించారు, నవీన్ లాంటి వాళ్ళ గుర్తట. విదేశాల వాళ్ళు గ్లాసుల్లో నీళ్ళు పట్టుకుని ఫొటోలు దిగారు, తాగలేదు. మేడం నవ్వు ఆ రోజు పొద్దున ఉన్నంత సాయంత్రం లేదు. పోయేటప్పుడు సైదులుతో, మిషన్ సంగతి పైవాళ్ళతో మళ్ళీ మాట్లాడాలి అంది. మళ్ళీ అన్న మాట మా వాడంతా విన్నది.

తర్వాత ఆదివారం మీటింగు పెట్టించాను. పెట్టకపోతే నేనే ప్లాంటు ముందు కూర్చుంటానని సైదులును బెదిరించాను. నవీన్ కూడా వచ్చి రేకుల గది బయట, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను సభ్యురాలిని కాను, గుమ్మంలో కూర్చున్నాను. తాపీపని చేసే భిక్షపతి లేచి సూటిగానే మాట్లాడాడు. "నవీన్ మంచోడే. నాకేం దుష్మనీ లేదు. కని కంపెనీ వద్దన్నప్పుడు తీసేస్తిమి, కావాలన్నప్పుడు తేకపోతిమి. గిప్పుడు మిషన్ ఇస్తరో ఇయ్యరో తెల్వదు. ఇప్పుడేం అక్కెర పడ్డది మనకు?"

కొందరు అవునన్నారు. అప్పుడు స్వప్న అనే పిల్ల లేచింది. డిగ్రీ చదువుతున్నది, నోరు గట్టిది. "మా ఆడపిల్లలను గీ సంఘంల ఎందుకు తీస్కున్నరు భిక్షపతన్నా? కంపెనీ ఆడోళ్ళు లేకుంటె పైసలియ్యమన్నది. గందుకే గద? నన్ను చూసి తీస్కున్నరా? మరి నేను ఇయ్యాల కంపెనీ పిల్లనా, సంఘం పిల్లనా?"

భిక్షపతి, "నువ్వు వేరే బిడ్డా" అన్నాడు.

"ఏం వేరే? నేను తాగిన గ్లాసు చూసి నువ్వు డబ్బా పెడ్తవ్. వాడు తాగింది చూసీ పెట్టినవ్."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు గూడ ఎవరు చెప్పిన్రు, ఎందుకు చెప్పిన్రు అని గదే పట్టుకోని కూసుంటవ్ అవ్వా. ఎవరో ఒకరు దర్వాజ నూకిన్రు, నేను లోపటికొచ్చిన. వచ్చినంక నా జాగా నేనే చేసుకున్న." నాకు గట్టిగా తగిలింది. ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు. కంపెనీ నూకకపోతే మా మగపిల్లలు ఆడపిల్లలకు ఆ దర్వాజ తెరిచేవారు కాదు. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, అయినా నిజం కనుక రాస్తున్నాను. కానీ నూకినవాడు మూయగలడు కూడా. స్వప్నకు అది ఇంకా జరగలేదు, నవీన్‌కు జరిగింది. నా మాటకూ ఆ పిల్ల మాటకూ తేడా అంతే.

సైదులు చెయ్యెత్తమన్నాడు. మొదట ఆడపిల్లల చేతులు లేచాయి. తర్వాత వెనక వరుస. కొందరు పక్కవాణ్ణి చూసి ఎత్తారు. ఇద్దరు ముగ్గురు ఫోనులో తల పెట్టుకున్నారు. భిక్షపతి ఎత్తలేదు, కానీ లేచిపోనూ లేదు. ఎత్తినవే ఎక్కువ. ఆ చేతుల్లో అతని మీద ప్రేమతో లేచినవెన్ని, కంపెనీ మీద అలకతో లేచినవెన్ని, నేను గుమ్మంలో కూర్చున్నాను కనుక కాదనలేక లేచినవెన్ని, నాకు తెలియదు. నవీన్‌ను తర్వాత అడిగాను, నీకు చాలునా అని. "కోపంతోటి లేసిన చెయ్యి గూడ వాళ్ళదే గద పెద్దమ్మా. ఎవడో ఎత్తిపిచ్చింది కాదు" అన్నాడు. సైదులు బయటికి పోయి, తాళంచెవి అతని చేతిలో పెట్టి, "అప్పుడు మీటింగు గూడ పెట్టలేదు తమ్మీ" అన్నాడు. నవీన్ తలూపాడు. చౌటుప్పల్ గది వదలలేదు. వంతు ఉన్న రోజు మాత్రం పొద్దున్నే బండి మీద వస్తాడు.

కొన్ని వారాలకు మేడం ఫోను చేసింది. నవీన్ వంతు నాడే చేసింది, సైదులు అక్కడే ఉన్నాడు, స్పీకరు పెట్టాడు, డబ్బాలు పట్టేవాళ్ళందరూ విన్నారు. ఆమె గొంతు మళ్ళీ తియ్యగా ఉంది. "సైదులు గారూ, మీ అంతట మీరే ఆయన్ను తీసుకున్నారని తెలిసింది. మా విధానం గ్రామాల దాకా వెళ్ళిందంటే అందరూ చాలా సంతోషించారు. ఈ ఏడాది మా పుస్తకంలో వేస్తున్నాం. ఆయన నీళ్ళు పడుతున్న ఫొటో ఒకటి పంపిస్తారా?"

నా ఒళ్ళు మండింది. ఎవరికీ లాభం లేనప్పుడు ఎత్తిన చేతులు అవి. వాటినీ వాళ్ళ సంచీలో వేసుకుంటున్నారు. నవీన్ మొదటి గ్లాసు పట్టుకుని ఉన్నాడు, సైదులు ముఖం వైపే చూస్తున్నాడు. కొత్త మిషన్ మాట ఆ ఫోను లోపలే ఎక్కడో ఉందని మా అందరికీ తెలుసు. కంపెనీ వాళ్ళతో మాట్లాడినంతసేపూ నడుము వంగే నా కొడుకు, ఆ పూట నిటారుగా నిలబడి మాట్లాడాడు.

"మేడం, పొమ్మన్ననాడు మీరు ఫొటో అడగలేదు. గప్పుడు తీపిచ్చి ఉంటె రెండూ కలిపి పంపుతుంటిమి."

మేడం, సరే అండీ అని పెట్టేసింది. నవీన్ గ్లాసు ఎత్తి తాగాడు. వరుసలో ముందున్న ఆమె డబ్బా పెట్టింది.

అప్పటి నుంచి కంపెనీ ఫోను లేదు. కొత్త మిషన్ రాలేదు, ఇవ్వం అన్న మాటా రాలేదు. పాత ఫిల్టర్లు కడిగి కడిగి నడుపుతున్నారు. ఇంక ఊకున్నట్టే అమ్మా అంటాడు సైదులు. ఊకున్నవాళ్ళను నేను చూశాను. ఎందుకు ఊకున్నారో తెలిసేదాకా నాకు కుదురు లేదు.